పాయింటు తర్వాత అంకె

గుండె చెరువైతే ఎంత బరువుంటుందో
నాకు పాయింటు తర్వాత అంకెతో సహా తెలుసు.

కాస్త్రో ఆసుపత్రి రెండో అంతస్తులో
వాన కారే కిటికీ పక్కన నా బల్ల.
పొద్దున ఏడింటికి కంప్యూటర్ తెరిస్తే
ద్వీపాల నుంచి ఒక్కో అంకే దిగుతుంది,
తొలి లాంచీ జనంలా.

ఒర్ఫెలీనా. అలావో ద్వీపం. డెబ్బై మూడేళ్ళు.
ముఖం ఎరగను.
సముద్రం వెనక్కి తగ్గినప్పుడల్లా బురదలో దిగి
యాభై ఏళ్ళు నాచు లాగిందట.
ఇప్పుడు పోటు ఆమె లోపలే వస్తోంది,
చీలమండల దగ్గర మొదలై
మోకాళ్ళ దాకా.

మేం పంపిన గాజుపలక త్రాసు మీద
లేవగానే వట్టి కాళ్ళతో నిలబడుతుంది.
ఇంట్లో సిగ్నల్ ఉండదు.
ఫోన్‌ని ప్లాస్టిక్ సంచిలో చుట్టుకుని
శ్మశానం మిట్ట ఎక్కి
మొగుడి సమాధి మీద పెట్టి
అంకె వెళ్ళేదాకా కూచుంటుంది.
"ఆయన దగ్గరే బాగా అందుతుంది," అంది ఒకసారి,
"బతికుండగా పలికితే ఒట్టు."

రెండు రోజుల్లో కిలోన్నర పెరిగితే
నా తెర మీద ఆమె పేరు ఎర్రబడుతుంది.
నీళ్ళమాత్ర ఇంకొకటి, అంటాను.
ఉప్పుచేప తిన్నావా, అంటాను.
"వాసన చూశానంతే."
ఆ అబద్ధం బరువు ఎనిమిది వందల గ్రాములు.

మార్చిలో ఒక ఉదయం: యాభై పాయింట్ సున్నా.
ఒక్క రాత్రిలో పదకొండు కిలోలు
ఏ మనిషి కరిగినా అది మంచి కబురు కాదు.
కాఫీ చల్లారింది. ఫోన్ అందలేదు.
మధ్యాహ్నం తనే చేసింది:
"బంగాళాదుంపలమ్మా! మా పొరుగామె బస్తా.
లాంచీవాడు నలభై ఏడే అన్నాడు, దొంగ వెధవ.
నీ త్రాసు వాడి నోరు మూయించింది."
రోగి క్షేమం, దుంపలు క్షేమం అని రాసి
రెండోది కొట్టేశాను.

జూన్‌లో తుఫాను. రేవు మూసేశారు.
నాలుగు రోజులు ఆమె గడి ఖాళీ.
పెరిగితే ఎరుపు, తగ్గితే పసుపు పెట్టారు గానీ
ఏమీ రాకపోవడానికి
ఈ యంత్రంలో రంగు లేదు.
మా ఇంట్లో మెట్రోనోమ్‌లా కారే పంపుని
ఆ రాత్రి మొదటిసారి లేచి కట్టేశాను.

అయిదో రోజు గాలి తగ్గి
ఆరోగ్య శాఖ పడవ వస్తోందంటే రేవుకి వెళ్ళాను.
పడవ ఇంకా వేలెడంత ఉంది,
నా జేబులో ఫోన్ అదిరింది.
ఊరి సిగ్నల్ తగలగానే
ఆమె సంచిలో దాగినవన్నీ ఒక్కసారే రాలాయి:
అరవై ఒకటి పాయింట్ తొమ్మిది.
అరవై మూడు.
అరవై నాలుగు పాయింట్ రెండు.
అరవై అయిదు పాయింట్ ఎనిమిది.
రోజూ నిలబడింది త్రాసు మీద.
మిట్ట ఎక్కడానికే ఊపిరి చాల్లేదు.

దుప్పట్లలో ముగ్గురు ముసలివాళ్ళు.
ఎవరో పోల్చుకోలేకపోయాను.
పడవ ఊగింది. ఒకామె చెయ్యి నా భుజం మీద పడింది,
వెనకే మనిషంతా వాలింది,
నాలుగు కిలోల పైచిలుకు సముద్రంతో సహా.

నువ్వేనా, అన్నాను.
ఆయాసంలోనే నవ్వింది:
"వాసన చూశానంతే."