సాక

మనామాల, జుఫైర్ గల్లీల, ఆరో అంతస్తు మీది బార్ల
మంగళారం మాపటికి
పన్నెండు కుర్చీలు, పన్నెండు గ్లాసులు పెట్టిన.
కాజ్‌వే దాటి వచ్చే మంది బేస్తారం వస్తరు,
మంగళారం అంత తీరికే.
నా వీసాల క్లీనర్ అని ఉంటది.
పదకొండేండ్ల సంది గ్లాసులే తుడుస్తున్న,
అబద్ధమేం గాదు.

సీసా తెచ్చినాయన పేరు మార్వాన్.
చేపకు ముల్లు తీసినంత నిమ్మళంగ మూత తీసిండు.
"తెల్ల రమ్ము. పీపాల పండవెట్టలే.
ఒక్క దినం వయసు గూడ మీదికి రాలే.
చెరుకు రసం, చిన్న బట్టీ, రాగి కాగు, గంతే."
ఆయన చెప్పింది ఇంగ్లీషుల,
నాకు ఇనవడ్డది మా భాషల.

ఒకాయన ఆలివ్ కాయ అన్నడు.
ఒకామె పచ్చి అరటి అన్నది.
వాన వడ్డ టైరు అని ఇంకొకాయన అంటే అందరు నవ్విండ్రు,
మార్వాన్ అది గూడ రాసుకున్నడు.
నేను ట్రే పట్టుకొని గోడకు నిలవడ్డ.
వాసన నా దగ్గరికి అడగకుండ వచ్చింది,
బాకీకి వచ్చినోని లెక్క.

నల్లబెల్లం. పటిక. తుమ్మచెక్క.
కుండ మీద కుండ, మీది కుండల సల్లనీళ్లు,
అతుకులకు పేడమట్టి,
పొగల మా అవ్వ, కొంగు ముక్కుకు అడ్డం.
మా ఇంట్ల ఏదీ పీపాల పండుకోలే.
పొద్దుగాల దించింది పొద్దుమూకేసరికి
కవర్ల అమ్ముడువోవాలె.
సారా ఆగుతుండె కావచ్చు, ఆకలి ఆగది.
వయసు రావాలంటే గిడ్డంగి గావాలె,
దానికి తాళం గావాలె,
ఆ తాళం పలగ్గొట్టని ఎక్సైజోళ్లు గావాలె.

"బట్టీల నుంచి మూడు వస్తయి" అన్నడు మార్వాన్,
"తల, గుండె, తోక.
తల విషం. కండ్లు తీస్తది. పారవోస్తం."

నా చేతుల ట్రే ఒరిగింది.
జొవెలిన్ సప్పుడు గాకుండ వచ్చి ఒక కొస పట్టుకున్నది.

అవ్వ మొదటి గిన్నె ఎన్నడు అమ్మలే.
పోశమ్మకు సాక అని
దడి పక్కన నేల మీద పోసేది.
అక్కడ గడ్డి గూడ మొలవకపోయేది.
భక్తి అనుకున్న ఇన్నేండ్లు.
అవ్వకు ఎరుకనో లేదో,
ఎరుకున్న ఏ ముసలమ్మనో
ఎరుకలేనోళ్లకు దేవత పేరు మీద చెప్పిపోయిందో.

ఒక్క యేడు,
మామూలు మూడు వందలు పెంచిండ్రు,
బెల్లం బండ్లను ఊరి బయటనే ఆపిండ్రు.
ఒక్కనాడు అవ్వ సాక పోయలే.
"పోశమ్మ ఏమనదు తియ్" అన్నది.
కవర్లు మోసింది నేను.
రాజలింగు చేతుల పెట్టింది నేను.
తెల్లారి ఆయన వాకిట్ల ఎండల కూసోని
"ఇంక దీపం ముట్టియ్యలేదా" అని అడిగిండు.

అవ్వ కుండలన్ని ఆమెనే పలగ్గొట్టింది.
దేవతకు కోపమొచ్చిందని
చచ్చేదాక ఏటేటా బోనమెత్తింది.
నేను దేవతను తిట్టిన.

మంది పోయినంక
మేనేజర్ క్లీటస్ సీసాల మిగిలింది నాకు వంచిండు.
"రుచి తెలవాలె గద, రేపు అడుగుతరు."
ఆరో అంతస్తుల నేల ఎక్కడిది?
ప్లాస్టిక్ మొక్క కుండీల తెల్ల గులకరాళ్లున్నయి,
వాటి మీద ఒక చుక్క వంచిన.
అప్పుడు తాగిన.

ముందుగాల పచ్చి చెరుకు కొన, కొంచెం ఉప్పగ.
తర్వాత మిరియం.
రొమ్ముల నుంచి దిగేటప్పుడు వేడి,
అంత దిగినంక, ఎవ్వరు పిలవకున్నా, ఇంత తీపి.
నిజం చెప్పాలె, అవ్వ దించింది ఇంత బాగుండకపోయేది.
మసి వాసన, నాలిక మీద పులుపు.
అయినా ఇవి రెండు అక్కచెల్లెండ్లే.
ఒకదాని మీద పేరు రాసిండ్రు,
ఒకదాని మీద కేసు రాసిండ్రు.

"ఎట్లున్నది?" అన్నడు క్లీటస్.
"బాగుంది సార్."

నెలనెల రాజలింగుకు వెయ్యి పంపుత.
ఎందుకని ఆయన అడగడు, నేను చెప్పను.
శుక్రారం ఫోన్ జేస్తే
పోశమ్మది తప్పు లేదని చెప్పాలె.
అంటే ఎవలిది అని అడుగుతడు.

పన్నెండు గ్లాసులు కడిగిన.
పదమూడోది నాది,
దాన్ని కడగకుండ
పొద్దుపోయేదాక చేతులనే పట్టుకున్న.