చేతిపట్టీలు

మా దండెం మీద చీరలు తక్కువ.
అయిదేసి గజాల సన్నటి గుడ్డపట్టీలు
ఎర్రవి, నీలివి, ఏ రంగో అవే మర్శిపోయినవి
పొద్దుగాల ఏడింటికే బారుగ ఏలాడుతయి.
కొత్తగ కిరాయికొచ్చినామె అడిగింది:
"మీ ఇంట్ల ఎవరికన్న దెబ్బలు తాకినయా వదినా?"
తాకినయి, అన్న.
ముప్పై ఒక్కేండ్ల సంది తాకుతనే ఉన్నయి.

భోలక్‌పూర్ల తోళ్ల గోదాము ఎనక రేకుల షెడ్డు.
మా ఆయన్ను అక్కడ ఉస్తాద్ అంటరు.
పొద్దంత బస్సు డిపోల టైర్లు మార్చే మనిషి
ఆరు కాంగనే వేరే మనిషయితడు.
కొట్టే సంచిల ఇసుక లేదు.
తోలు ముక్కలు, రంపపు పొట్టు,
నా పెండ్లినాటి రెండు రైకలు.
వాటిని ఎందరు గుద్దిన్రో ఇంగ లెక్కలేదు.

ఆయన ఒక్క పతకం తేలే.
పందొమ్మిదేండ్లప్పుడు ఒక్కటే ఆట,
రెండో రౌండ్ల ముక్కు పోయింది.
ఇప్పటికి వాన సంగతి ఆ ముక్కే ముందుగాల చెప్తది.
అప్పటి సంది కొట్టుడు బంజేసి
కొట్టిచ్చుకునుడు పట్టిండు.
రెండు అరచేతులకు ప్యాడ్లు తొడిగి
పోరగాండ్ల ఎదురుంగ నిలబడి
ఎడమ, ఎడమ, కుడి, తల కిందికి,
ఊపిరి ఇడువురా, మింగకు!
రాత్రికి ఆ వేళ్లతోని అన్నం కలుపరాదు.
చెంచ ఇస్త. తిట్టుకుంట తీసుకుంటడు.

పట్టీలు నేనే ఉతుకుత.
జహంగీర్ గాని పట్టీల సిమెంటు, సెంట్రింగు పని.
లిమా అని మోమోల బండి పోరడు,
వాని పట్టీ ఎన్నిసార్లు జాడిచ్చినా అల్లం వాసనే.
నవనీత పట్టీ కొసకు సూదితోని పేరు కుట్టుకున్నది,
పార్సీగుట్ట మొత్తంల ఇంకెవ్వలు దొంగిలిస్తరనో.
రక్తం చల్లనీళ్లకే పోతది.
వేణ్నీళ్లు పోస్తె కూసుంటది.
ఈ ముచ్చట ఏ ఉస్తాద్‌కు తెల్వదు.

భిక్షపతి పట్టీ మాత్రం ట్రంకుపెట్టెల ఉన్నది.
లాల్ బహదూర్ స్టేడియంల ఫైనలు.
గెలిస్తె రైల్వేల కొలువన్నరు అందరు.
మూడో రౌండ్ల
పోరని కాళ్లు నిలబడ్డయి, కండ్లు నిలబడలే.
మా ఆయన తువ్వాల ఇసిరిండు,
నేను పొద్దుగాల ఉతికిచ్చిన తెల్ల తువ్వాల.
"ఒక్క నిమిషమే ఉండె గద ఉస్తాద్"
పోరడు అన్నదంత గంతే.
మల్ల షెడ్డుల అడుగువెట్టలే.
ఆ రాత్రి ఈయన చెంచ గూడ అడగలే.

ఇప్పుడు శనారం శనారం కొండాపూర్ పోతడు.
అద్దాల బంగ్ల, ఏసీ, దడదడ పాటలు.
బాక్సింగుల కరాటే తన్నులు కలిపి నేర్పాల్నట.
డిపోల ఏండ్లకేండ్లు ఇచ్చినదానికన్న నయమే ఇస్తరు.
"వాళ్ల కాడ కోపం మస్తున్నది,
గుద్దెతందుకు మనిషే లేడు" అంటడు.
వాళ్ల పట్టీలు మా ఇంటికి రావు.
వచ్చిన పైసలు షెడ్డు కిరాయికే పోతయి.
నాకు బట్టల మిషను కొనిస్తనన్నడు.
నాలుగేండ్లాయె అనవట్టి.

పోయిన ఎండకాలం బోరు ఎండింది.
మంగళారం మంగళారం ఒక ట్యాంకరు
గల్లీల అడ్డంగ ఆగుతది.
క్లీనరు పిల్లగాడు దిగి పైపు పెట్టి డ్రమ్ము నింపి పోతడు.
పైసలంటే, వద్దన్నరమ్మా అంటడు.
ఎవలన్నరంటే చెప్పడు.
మూడో వారం సైడు అద్దంల చూసిన.
ఎడమ కనుబొమ్మ మీద కోత.
డాక్టరు కుట్లేసేదాక నేనే అదిమిపట్టిన కోత.
పేరువెట్టి పిలువలే.
మా ఆయనకు చెప్పలే.
తెల్వదని గూడ అనుకోను,
మంగళారం పొద్దుగాల డ్రమ్ము మూత తీసిపెట్టేది ఆయనే.

నిన్న ట్రంకు తెరిచి
ఆ పట్టీని గూడ నీళ్లల్ల ఏసిన.
పదకొండేండ్ల మడత, ఎంత గుంజినా పోలే.
దండెం కొసకు, గల్లీ దిక్కుకు ఆరేసిన.
రేపు మంగళారం.