నీలం డ్రమ్ము

చీమకుర్తి క్వారీ లారీలు రోడ్డెక్కకముందే
నేను షట్టరెత్తుతాను.
మా మరిది బిస్మిల్లా అని కత్తి ఆడిస్తాడు,
కోడి నీలం డ్రమ్ములో పడుతుంది.
ఆ తర్వాత ఒక నిమిషం, కాస్త ఎక్కువే,
డ్రమ్ము దానంతటదే మాట్లాడుతుంది.

కొత్తలో చెవులు మూసుకునేదాన్ని.
ఇప్పుడు మూత మీద చెయ్యి అదిమిపెట్టి
బేరమాడతాను.

పశువులాసుపత్రి సుభాషిణమ్మ గారు
ముప్పావు కేజీ స్కిన్‌లెస్ తీసుకుంటూ చెప్పింది:
"అది నొప్పి కాదు హుసేన్‌బీ. తల తెగినా
వెన్నుపూసల లోపల తాడుంది కదా,
దాని పెత్తనం దానిది.
రెక్క కొట్టమంటుంది, ఈక నిక్కమంటుంది,
రక్తనాళాన్ని బిగుసుకోమంటుంది.
పైనుంచి హుకుం రానక్కర్లేదు.
తల ఉన్నన్నాళ్ళూ 'ఆగు' అని అణిచేది.
ఇప్పుడా ఆపే మనిషి లేడు, అంతే."
చిల్లర లేదంటే పది రూపాయలు వదిలేసి పోయింది.

ఆపే మనిషి లేడు.
ఆ మాట కొంగున కట్టుకుని మధ్యాహ్నం ఇంటికెళ్ళాను.

కాశింవలి మంచం పట్టి ఇది మూడో ఏడు.
రామతీర్థం వైపు క్వారీలో
చుక్కల నల్లరాయి దిమ్మె జారి
ఒక్క మనిషిని రెండు ఊళ్ళు చేసింది.
పై ఊరు బీడీ అడుగుతుంది, నన్ను తిడుతుంది,
ఒంగోలు ఆసుపత్రి బిల్లులు లెక్కపెడుతుంది.
కింది ఊరికి కరెంటు పోయిందనే
అనుకున్నాను.

తడిగుడ్డతో పాదం తుడుస్తుంటే
పిక్క మీది వెంట్రుకలన్నీ లేచి నిలబడ్డాయి.
"చలేసిందా?"
"ఎక్కడ?" అన్నాడు.

ఇప్పుడు నాకు ఆ లిపి వచ్చు.
మూత్రం గొట్టం మెలిపడిన రాత్రి
ఆయన గురక ఆగదు,
తొడల మీద మాత్రం
ఈకలు పీకిన కోడి చర్మం మొలుస్తుంది.
లేచి, మెలి విప్పి,
అది మళ్ళీ నునుపయ్యేదాకా
లైటు ఆర్పను.

డాక్టరమ్మ మాట చాన్నాళ్ళు చెప్పలేదు,
కోడితో పోల్చానంటాడని.
మొన్న నోరు జారాను:
"నీకు తెలీకపోయినా
నీ కాలికి చలి తెలుసు."

దుప్పటి చివర వైపు చాలాసేపు చూశాడు,
ఊరొదిలిపోయిన తమ్ముడెవరో అక్కడ కూర్చున్నట్టు.

"ఈసారి లేచినప్పుడు
నేను అడిగానని చెప్పు."

బయట మొదటి లారీ గేరు మార్చింది.
దుప్పటి పాదాల మీదికి లాగి
షట్టరు తాళం వెతుక్కున్నాను.