ఆఖరి ట్రామ్ తర్వాత

యేనాలో ఆ నేలమాళిగ గదికి
కిటికీ లేదు. కావాలనే.
వెలుగును చూడాలంటే ముందు
చీకటిని వడగట్టుకోవాలి.

హమామత్సు నుంచి చిహాయా
కటకాన్ని ఒళ్లో పెట్టుకుని తెచ్చింది,
పద్నాలుగు గంటలు విమానంలో
కునుకైనా తీయకుండా.
అద్దాల వరస సరిచేసింది ఇర్మ్‌గార్డ్,
మర తిప్పే వేళ్లకే తెలిసిన లెక్కతో.
ఇద్దరికీ ఉమ్మడి భాష అంతంతమాత్రం;
"ఇంకొంచెం" అన్న మాట మాత్రం
మూడు భాషల్లో వచ్చు.

తెరమీద చేపపిల్ల గుండె
మసక. మళ్లీ మసక.
లోపం కటకానిది కాదు, లేజర్‌దీ కాదు.
పైన వీధిలో ట్రామ్.

పన్నెండూ నలభైకి ఆఖరిది వెళ్లిపోయింది.
బల్లమీద నీటిచుక్క వణకడం మానింది.
ఒక్క కణం
ముడుచుకుంటూ, విచ్చుకుంటూ
అంచుల దాకా కనబడింది.

వ్యాసం మీద పదకొండు పేర్లు.
ఆ రాత్రి రెండు నిమిషాలు ముందే
బండి లాగించిన డ్రైవరు పేరు
ఎవరికీ తెలియదు.