ఇంకొక్క శీతాకాలం

కుతాయిసీలో వాన.
రొట్టెల దుకాణం వెనక మెట్లు దిగితే బద్రి గది.
నజిబ్రోలా దుప్పట్లో చుట్టి తెచ్చిన కంప్యూటర్ని
సంతకు తెచ్చిన బాతులా బల్ల మీద దించింది.

పదమూడేళ్ళది.
ఫ్యాను తిరిగితే పాత బస్సు ఎత్తెక్కుతున్న రొద.
సంగీత పాఠశాల ఫీజుల లెక్కలన్నీ అందులోనే,
ఎగ్గొట్టినవాళ్ళ పేర్లతో సహా.

అతను మూత విప్పాడు. ఊదాడు.
ఇద్దరూ తుమ్మారు.
"బాగుచేతకు నీ పావు జీతం,
కొత్తదానికి మూడు జీతాలు.
అయినా కొత్తదే కొనుక్కో.
ఇవాళ ఇక్కడ కుడితే రేపు ఇంకోచోట చిరుగుతుంది."

చిరుగుతుందని కుట్టడం మానేస్తామా
అని అడగబోయింది గానీ
చూపు అతని కళ్ళద్దాల దగ్గర ఆగిపోయింది:
ఎడమ కీలుకి రాగి తీగ,
ముక్కు దగ్గర టంకం బొట్టు.

ఏమీ అనలేదు.
అతనే ఒకసారి తడుముకుని
స్క్రూడ్రైవర్ అందుకున్నాడు.
"ఒక్క శీతాకాలం.
అంతకుమించి మాటివ్వను."

ఇంటికి పోతూ పోతూ
కొత్తవాటి కొట్టు అద్దం ముందు నిలబడింది.
ఎంత పల్చగా ఉన్నాయో,
ఎంత నిశ్శబ్దంగా.
ధర చదివింది. మళ్ళీ చదివింది.
చంకలో ఖాళీ దుప్పటి
ఒక కొస గొడుగు దాటి తడుస్తోంది.