మంగళవారం నీళ్లు

మూడు రోజులకొకసారి వస్తాది మా గ్రీమ్స్‌పేట కొళాయి.
తెల్లారుజామున నాలుగ్గంటలకు
ముందు దగ్గుతాది, గాలి ఉమ్ముతాది,
ఆ తర్వాతే నీళ్లు.

బిందె అంచున తెల్లటి గీత.
హీటరు కడ్డీకి చిప్పలు చిప్పలుగా పొలుసు.
మా అమ్మ దాన్ని చింతపండుతో తోమేది,
"సున్నం తాగి బతకతా ఉండాం రా" అనేది
తోమడం ఆపకుండానే.

ఆ సున్నం నాకు రెండు బకెట్ల బీరు ఖరీదు.
మొదటిది పారబోసినా.
రెండోది తాగినా, అది ఇంకా తప్పు.
నాలుక మీద చాక్‌పీసు నమిలినట్టు,
గొంతులో తెగని వగరు.
బార్లీ మంచిదే. రాగి మొలకలూ మంచివే.
పులిసిన తీరులోనూ వంక లేదు.
నూటికి తొంభై పాళ్లు తాగేది నీళ్లనే కదా,
ఆ సంగతి మరిచి
మిగతా పదింటితో ఆరు నెలలు కొట్లాడినా.

లీటరు బాటిల్ కడిగి, నింపి
నీటి పరీక్షల ల్యాబుకు పోయినా.
వనజాక్షమ్మ అని టెక్నీషియను,
ముక్కు కొసకు జారిన కళ్లద్దాలు.
"దేనికి?"
"చెట్లకి మేడమ్."
"చెట్లు సల్ఫేట్ లెక్క అడగవే" అనింది
నేను నింపిన ఫారం చూస్తా.
నేను గోడ మీది క్యాలెండరు చదువుకున్నా,
రాహుకాలంతో సహా.

నాలుగో రోజు కాయితం ఇచ్చింది.
కాల్షియం తొంభై ఆరు.
మెగ్నీషియం నలభై నాలుగు.
సల్ఫేట్ నలభై, పేరుకే.
బైకార్బనేట్ మూడు వందల ఎనభై;
దాని కింద పెన్సిల్‌తో గీత.
"ఇదీ మీ చెట్ల జబ్బు.
పులుపు పుట్టకముందే మింగేస్తాది.
మరగబెడితే సున్నం అడుక్కు దిగుతాది,
పై నీళ్లు వంచుకోవాల.
లేదంటే," గొంతు తగ్గించింది,
"గింజలో కొంత నల్లగా వేయించు.
మాడిన గింజకు పులుపుంటాది.
ఊరుబిండి కారానికి సంగటి ముద్ద మాదిరి
ఒకదాన్నొకటి సర్దుకుంటాయి."

ఆమెకెట్లా తెలుసో నేను అడగలేదు.
తలుపు దాటినాక వెనక నుంచి మాట:
"క్లోరిన్ వాసన పోవాలంటే
రాత్రంతా మూత తీసి పెట్టాల.
చెట్లకు."

ఇనప పెనం మీద రాగులు వేయించినా.
పక్కింటి కుప్పమ్మత్త గోడ మీదుగా తొంగిచూసి
"ఏందబ్బోడా, సంగటి మాడిందా?" అనింది.
మూడు వారాలకు గ్లాసులో దిగింది
డికాక్షన్ రంగు, బెల్లం పాకం నురగ.
చాక్‌పీసు లేదు.
ఇన్నేండ్లు తిట్టుకున్న నీళ్లు
నల్లదాని కోసమే కాచుకొని ఉన్నట్టుండాయి.

ఒక సీసా, పేపర్లో చుట్టి, ల్యాబుకు తీసకపోయినా.
ఆమె దాన్ని సొరుగులో పెట్టుకుని
కాయితం మాత్రం వెనక్కిచ్చింది.
"ఇది మంగళవారం నీళ్ల లెక్క.
బోరు ఎండిపోయింది. ఇప్పుడు చెరువు నీళ్లు కలుపుతా ఉండారు.
ఇంకో లీటరు పట్టుకురా."

నాలుగ్గంటలు.
కొళాయి దగ్గింది.
బాటిల్ పట్టుకొని చీకట్లో నిలబడినా,
ఈసారి ఎవరొస్తారో అని.