ఎడమ తలుపు కింద

పాత కారు కొనేముందు
ఇంజను చప్పుడు వినను నేను.
చప్పుడు ఎవడైనా సర్దగలడు.
మోకాళ్ల మీద కూచుని, జేబులోంచి
గోరంత అయస్కాంతం తీసి
రేకు వెంబడి నడిపిస్తాను.
ఇనుమున్న చోట టక్కున అతుక్కుంటుంది.
పుట్టీ పూసిన చోట
పట్టు దొరక్క కింద పడుతుంది.

ముప్ఫై ఏళ్లుగా ఇదే నా ఆదివారం.
ఒకటి కొనడం, బాగుచేయడం, అమ్మేయడం,
ఆ డబ్బుతో ఇంకోటి.
లాభమెంతని ఎవరైనా అడిగితే
మా నేలిదా నా చెయ్యి పట్టుకుని
గోళ్లకింది నలుపు చూపిస్తుంది.

ఈసారి కారు నాకు తెలిసిందే.
యాభై తొమ్మిది మోడల్ ఓపెల్.
పాలు తక్కువైన టీ రంగు,
మా ఊరి ముందు నది రంగే.
అవతలి ఒడ్డున బ్యూనస్ ఐర్స్ ఉందంటారు,
రాత్రిళ్లు మబ్బుల కింద కాస్త వెలుతురు తప్ప
మాకేం కనిపించదు.

బ్యాంకులు తలుపులు మూసుకున్న చలికాలం
దాన్ని అమ్మింది నేనే.
ఎడమ తలుపు కింద పట్టీ
వేలు పెడితే అప్పడంలా విరిగేది.
రేకు కొనడానికి చేతిలో పెసో లేదు.
పాత పేపర్లు ఉండచుట్టి కుక్కాను,
పుట్టీ మెత్తి, సానబట్టి, రంగు కొట్టాను.
పైన పటారం, లోన లొటారం.
కొన్నది సుల్మా టీచరు.
ముగ్గురు మనవలు ఒకరి తర్వాత ఒకరు
ఆ పట్టీ మీద కాలేసి ఎక్కారు.
నేను నోట్లు లెక్కపెట్టుకుంటున్నాను.

ఇరవై రెండేళ్లు.
బేకరీ దగ్గర ఎదురైనప్పుడల్లా
బండెలా ఉందని నేను అడగలేదు.
ఆమే చెప్పేది,
"బంగారంలా నడుస్తోంది, దోన్ ఎలీసియో."
రొట్టె అక్కడే మర్చిపోయి వచ్చిన రోజులున్నాయి.

ఇప్పుడామె లేదు.
ఆ ముగ్గురిలో చిన్నవాడు, ఫాబ్రిసియో, అమ్ముతున్నాడు.
"అయస్కాంతం పెట్టి చూస్తారటగా, చూసుకోండి."
"ఇవాళ తేలేదు" అన్నాను.
జేబులో అది ఎండ్రకాయలా తొడకు గుచ్చుకుంటోంది.
గుమ్మడికాయల దొంగలా భుజం తడుముకుని
అడిగినంతా ఇచ్చేశాను.
వాడు ముందు సంబరపడ్డాడు, తర్వాత అనుమానపడ్డాడు.
ముసలివాడు బేరమాడకపోతే ఎవరికైనా అంతే.

ఇంటికొచ్చి జాకీ మీద ఎత్తి
వెల్లకిలా కిందికి దూరాను.
గ్రైండరు పెట్టి రంగు లేపాను.
పుట్టీ రాలలేదు.
పేపర్లు లేవు.
కొత్త రేకు, రెండు మిల్లీమీటర్ల మందం.
అంచు వెంట వెల్డింగు
చీమల బారులా, ఎక్కడా తెగకుండా,
చివర చిన్న కొక్కెంలా ఒక మలుపు.

ఆ మలుపు నాకు తెలుసు.
పడవల యార్డులో అలా ముగించేవాడు ఒక్కడే, ఒర్తెలియో.
పోయేదాకా ప్రతి ఆదివారం
ఇదే షెడ్డులో, ఇదే బల్ల మీద కూచుని
నా మాతే బుర్రలోంచి, నేను తాగిన గొట్టంతోనే తాగినవాడు.
నీళ్లు చల్లారాయని తిట్టాడు.
నా ఫుట్‌బాల్ జట్టుని తిట్టాడు.
నా పెయింటింగు కూడా తిట్టాడు.
ఇదొక్కటీ అనలేదు.

అంటే ఆమె కనిపెట్టింది.
వెతుక్కుంటూ అతని దగ్గరికే వెళ్లింది.
నవ్వుకున్నారో, జాలిపడ్డారో,
వాడికి చెప్పొద్దని ముందు ఎవరన్నారో
అడగడానికి ఇద్దరూ లేరు.
"బంగారంలా నడుస్తోంది" అన్నప్పుడు
ఆమె ఏ గొంతుతో అన్నదో
గుర్తు తెచ్చుకోబోతే
వేడి రొట్టె వాసన తప్ప ఏమీ రావడం లేదు.

ఎంత పోయిందని నేలిదా అడిగింది.
ఏమీ పోలేదన్నాను.
అది నిజం కాదు, అబద్ధమూ కాదు.

ఈ బండికి చేయాల్సిన పనేమీ లేదు.
వైపర్ రబ్బరు, వెనక ఒక బల్బు.
నేను లేపిన జానెడు మేర రంగు వేయాలి,
నాలుగు రోజులుగా డబ్బా మూత తీయలేదు.

కొనడానికి ఎవరైనా వస్తే
అయస్కాంతం నేనే చేతికిచ్చి
ఎడమ తలుపు కింద పెట్టమంటాను.
టక్కుమంటుంది.
మంచి పనివాడి చెయ్యి, ఎవరిది
అని అడుగుతారు.